సహజమే

నేను బయటికి రానని తెలిసి
డిప్‌స్టిక్‌ని టిష్యూ కాగితంలో పట్టుకుని
కౌంటర్ దగ్గరికే తెచ్చింది వెర్నా హ్రిట్‌సాక్.
నూనె తగ్గలేదు. పెరిగింది.
పై గీత దాటి ఒక వేలెడు.

ఆ రోజు ప్రిన్స్ ఆల్బర్ట్‌లో మైనస్ ముప్ఫై ఆరు.
నా జేబు మీద కుట్టిన పేరు, గార్త్,
నా ముందు పొగలు మానేసిన కాఫీ.
"ఎక్కడైనా నూనె దానంతటదే ఊరుతుందా?
వాసన చూడు," అంది.
చూడలేదు. కౌంటరంతా పెట్రోలు కంపు,
వేరే చూడాల్సిన పని లేదు.

నాకు తెలుసు.
చిన్న ఇంజన్, దాని పక్కన నత్తగుల్లంత టర్బో,
ఇంజన్ వదిలేసిన పొగతోనే
నిమిషానికి లక్షన్నర చుట్లు.
పేరుకి పావు ఇంజన్, పనికి ముప్పావు.
అది ఒళ్ళు వేడెక్కేలోపే ఈమె దిగిపోవాలి:
మూడు వీధుల అవతల ఒకరికి ఇన్సులిన్,
నది దాటగానే ఒకరికి కట్టు మార్చాలి.
కాలని పెట్రోలు గోడల వెంట జారి
నూనెలో చేరుతుంది, చాపకింద నీరులా.

తెలిసీ, నేను టైపు చేసింది ఒక్క మాట:
సహజమే.
కంపెనీ పంపిన కాగితంలో ఉన్నదదే.
అక్కడి నుంచి తీసి ఇక్కడ పెట్టాను.

రెండు చలికాలాలు.
బండి ఈసారి లాగుడు లారీ మీద వచ్చింది,
నీలం పొగ కక్కి, టర్బో ఇరుసు అరిగి,
లోపల ఎవరో చెంచాతో గిన్నె గీకుతున్న చప్పుడు.
వారంటీ లక్ష కిలోమీటర్లు.
మీటరు మీద లక్షా నాలుగు వందల పన్నెండు.

ఫోన్‌లో టొరంటో గొంతు చాలా మర్యాదగా చెప్పింది:
పొట్టి ప్రయాణాలు డ్రైవరు అలవాటు,
నూనె సంగతి గరాజు చూసుకోవాలి,
చలి ఎవరి బాధ్యతా కాదు.
తిలా పాపం తలా పిడికెడు,
మిగిలిన గంప మాత్రం వెర్నా నెత్తిన.
తొమ్మిది వేల డాలర్లు.

ఆమె నా ముందు పెట్టింది ఒక నోటుపుస్తకం.
*ఎ.బి. మడమ పుండు మానుతోంది.
నూనె మార్చాం, 54,200. అన్నయ్య గరాజులో.
మిసెస్ ఎల్. నిద్రలో పోయింది. తాళం కొడుక్కి ఇచ్చాను.
నూనె మళ్ళీ పెరిగింది. గార్త్‌కి చెప్పాను.*

ముద్ర ఉన్న రసీదు కావాలట వాళ్ళకి.
అన్నయ్యలు ముద్ర వేస్తారా?

సాయంత్రం అందరూ వెళ్ళాక
పాత ఫైళ్ళు తెరిచాను.
ఎందుకో మొదట నాకే స్పష్టంగా తెలియదు.
దొరికింది. జనవరి, 61,300 కిలోమీటర్లు:
*నూనె మట్టం పెరుగుతోందని ఫిర్యాదు.
పెట్రోలు వాసన. పరిశీలించాం. సహజమే.*

పరిశీలించాం.
ఆ మాట మీద చాలాసేపు ఆగిపోయాను.
కానీ తేదీ ఉంది. గడువు లోపలే చెప్పిందని
నా అబద్ధమే ఆమెకి సాక్ష్యం.

కింద ఇంకో వాక్యం రాశాను: ఆ రోజు నేను బండి చూడలేదు.
సంతకం పెట్టి పంపాను.
"నీ తాడు నువ్వే పేనుకున్నావ్," అన్నాడు మేనేజర్ డ్వేన్,
తలుపు మాత్రం మెల్లగానే వేశాడు.

ఆరు వారాలైంది. "పరిశీలనలో ఉంది" అంటున్నారు.
ఆ మాటంటే ఏమిటో నాకు బాగా తెలుసు.

వెర్నా ఇప్పుడు అన్నయ్య పాత పికప్‌లో తిరుగుతోంది,
టర్బో లేదు, ఒకవైపే హీటరు,
ఎక్కుడు వస్తే ఏనుగులా మూలుగుతుంది.
నిన్న పొద్దున్న తలుపు సగం తెరిచి అడిగింది:
"దీంట్లో నూనె తగ్గుతోంది గార్త్.
ఇది కూడా సహజమేనా?"

"ఉండు," అన్నాను.
కోటు కోసం వెతికాను. ఏడేళ్ళుగా ఈ కౌంటర్ వెనక
నాకో కొక్కెం ఉందని మర్చిపోయాను.
చేతి తొడుగులు దొరకలేదు.
ఉత్త చేతులతోనే వెళ్ళి బానెట్ ఎత్తాను,
ఇనుము వేళ్ళకి అతుక్కుంది.